బండి బోల్తాపడినచో దండుగ యెవరిది?



శివరాత్రి గడచిన నాలుగవనాడు ఒక తల్లి మా యింటికి వచ్చెను. కోటప్పకొండ తిరునాళ్లకు పోయిన ప్రభలబండ్లు ఇంకను ఊళ్లకు మరలుచునే యుండెను. నరసరావుపేట వీధులలో దుమ్ము అణగలేదు. ఆమెది గురజాల ప్రాంతము. ఆమె కుమారుడు చిన్నతనమున మావారియొద్ద చదివెను. ఆ చనువుచేత, "పంతులుగారిని ఒక్కమాట అడిగిపోదామని వచ్చానమ్మా" యని అరుగుమీద కూర్చుండెను. మావారు బడినుండి వచ్చుట కింకను రెండు గంటల కాలముండెను. కావున ఆ మాట నేనే వింటిని.

ఆరేండ్లకు పూర్వము ఆమె తన పదుమూడేండ్ల బాలుని ఒక ధార్మికసంస్థవారి వసతిగృహమున చేర్పించెను. భర్త పిడుగురాళ్ల సున్నపుబట్టీలలో కూలి. సంస్థవారు అన్నవస్త్రములిచ్చి, చదువు చెప్పించి, దైవభక్తి నేర్పుదుమనిరి. పేదతల్లికి ఇంతకన్న కావలసినదేమి? మరుసటియేడు పండుగకు ఇంటికి వచ్చిన బాలుడు తిరిగి పోనని ద్వారబంధము పట్టుకొని యేడ్చెను. కారణము తెలియుటకు నెలలు పట్టెను. రాత్రులందు పిల్లలకు కావలిగా నుంచిన మనుష్యుడే వారిని చెరచుచుండెను. ఇంతకంటె వివరింపను, చదువువారిలో తల్లులే హెచ్చు.

ఫిర్యాదు నడచెను, సాక్ష్యములు నడచెను, ఆ మనుష్యునికి కారాగారశిక్ష పడెను. ప్రభుత్వనిధినుండి కొంత పరిహారము వచ్చెను గాని అది వైద్యమునకును తిరుగుళ్లకును కరగిపోయెను. బాలునికి నేటికిని నిద్ర లేదు. పదిమంది కూర్చున్న గదిలో కూర్చుండలేడు. నెలకొకమారు గుంటూరు వైద్యునియొద్దకు గొనిపోవలెను. తల్లి సంస్థాధికారియొద్దకు పోయి, వైద్యవ్యయమైన భరింపుమని వేడుకొనెను. ఆయన చెప్పిన ప్రత్యుత్తరమును ఆమె నోటనే వ్రాయుచున్నాను: "వాడు మా జీతగాడు కాదమ్మా, సేవకని వచ్చినోడు. వాడు చేసిన పాపం వాడిది. సంస్థ సొమ్ము దేవుడి సొమ్ము, దాన్ని మేమెట్టా తీసిస్తాం?"

ఇంత చెప్పి ఆమె నావంక చూచి, "నా బిడ్డను కూడా దేవుడికే గదమ్మా అప్పజెప్పింది" అనెను.

ఆ సంస్థ హిందువులదో, క్రైస్తవులదో, మహమ్మదీయులదో నేను చెప్పను. చెప్పినయెడల తక్కిన రెండు మతములవారును "మనది కాదుగదా" యని ఊపిరి పీల్చుకొని పుట త్రిప్పుదురు.

మావారు వచ్చిన తరువాత ఆమెకు కొంత ఆలోచన చెప్పి పంపిరి. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా తండ్రిగారు నాకు చదివించిన గ్రంథములలో మనుధర్మశాస్త్ర మొకటి. స్త్రీలను గూర్చి మనువు వ్రాసిన మాటలతో నాకు తీరని పేచీ కలదు. పలుమారు ఆ పుస్తకమును మూసి అటకపై పెట్టితిని. కాని ఎనిమిదవ యధ్యాయమున ఆయన బండ్లను గూర్చి వ్రాసినది మాత్రము మరువరానిది. తోలువాని చేతగానితనముచేత బండి దారి తప్పి హింస జరిగెనేని, దండుగ బండి యజమానునికి. అదియు రెండువందల పణములు. ఏలయన, చేతగానివానిని బండిపై కూర్చుండబెట్టినవాడు యజమానుడే. తోలువాడు సమర్థుడై యుండి తప్పు చేసినచో దండుగ వానిదే. ఇంతవరకు న్యాయము మనమందరమును ఊహింపదగినదే. దాని వెంట మరియొక మాట కలదు: తోలువాడు తగనివాడైనచో, ఆ బండిలో కూర్చున్న ప్రతివానికిని నూరేసి పణముల దండుగ!

మొదట చదివినప్పుడు ఇది యన్యాయమని తోచెను. బండిలో కూర్చున్నవాడేమి చేసెను? ఇప్పుడు తోచుట లేదు. తోలువాడు త్రాగియున్నాడని యెరిగియు, దిగక, దిగుమని యితరులకు చెప్పక, ఊరు చేరిన చాలునని కూర్చున్నవారు ప్రతి సంస్థయందును కలరు. ఆ తల్లి చెప్పిన కథలోనే మరియొక సంగతి యున్నది. ఆ కావలివానిని గూర్చి అంతకు రెండేండ్ల ముందే యొక బాలుని మేనమామ మొరపెట్టెను. సంస్థవారు వానిని మందలించి, ఈ యూరి శాఖనుండి మరియొక యూరి శాఖకు మార్చిరి. ఆ మరియొక యూరనగా ఈమె కుమారుడు చేరిన యూరు.

ఉత్తరకాండమున ఒక కుక్క కథ కలదు. తన్ను నిష్కారణముగ కొట్టిన భిక్షుకునికి శిక్షగా, వానిని కాలంజరమున మఠాధిపతిని చేయుమని ఆ కుక్క శ్రీరాముని కోరెను. సభవారు నవ్విరట. కుక్క చెప్పినది: నేను పూర్వజన్మమున ఆ మఠాధిపతినే, ఎంత జాగ్రత్తగ నున్నను ఈ జన్మము తప్పలేదు, కోపిష్ఠియగు వీడు ఏడు తరములవారిని నరకమున కీడ్చును, అని. దేవుని సొమ్మును, పసివారిని, స్త్రీలను పాలించు పదవి యెంత ప్రమాదమైనదో ఆ కుక్క యెరుగును. రామరాజ్యమున శిక్షగా విధించినదానిని మనవారు బదిలీ యను పేర బహుమానముగ నిచ్చుచున్నారు.

పిల్లలను ధార్మికసంస్థకు అప్పగించి, పిమ్మట వగచి, న్యాయస్థానమున కెక్కిన తెలుగుతండ్రి కథ యొకటి చరిత్రలో కలదు. జిడ్డు కృష్ణమూర్తిగారి పేరు వినని చదువరు లుండరు. ఆయన 1895లో మదనపల్లెలో జన్మించెను. తండ్రి జిడ్డు నారాయణయ్యగారు రెవెన్యూశాఖలో తాసీల్దారుగ నుండి విశ్రాంతి గొనినవారు. చిరకాలముగ దివ్యజ్ఞానసమాజ సభ్యులు. భార్య 1905లో గతించెను. 1909 ఆరంభమున ఆయన కుమారులతో మదరాసులోని అడయారునకు వచ్చి, సమాజకార్యాలయమున పనికి కుదిరెను. అచ్చట లెడ్‌బీటరు దొర ఆ పిల్లవానిని చూచి, ఇతడు రాబోవు జగద్గురువునకు శరీరము కాదగినవాడని చెప్పెను. 1910 మార్చిలో నారాయణయ్యగారు కృష్ణమూర్తిని, అతని తమ్ముడు నిత్యానందుని, సమాజాధ్యక్షురాలగు అనీబిసెంటమ్మగారి సంరక్షణకు వ్రాతమూలముగ నప్పగించిరి.

సోదరీమణులారా, ఇచ్చట ఒక్క క్షణము నిలువుడు. లెడ్‌బీటరు సామాన్యుడు కాడు. సమాజమున పెద్ద గ్రంథకర్త. అయినను 1906లో, బాలురకు అనుచితమైన బోధలు చేసెనని అమెరికానుండి ఫిర్యాదులు వచ్చుటచేత, విచారణకు గురియై సమాజమును విడువవలసి వచ్చెను. 1907లో బిసెంటమ్మగారు అధ్యక్షురాలైరి. మరుసటి యేటి చివరకు ఆయన మరల సమాజమున చేర్చుకొనబడెను. 1909 ఫిబ్రవరికి అడయారునందే యుండెను. ఆ చర్చలన్నియు సమాజపు పెద్దలకు తెలియును. తెలిసియే ఆ దొరను పిల్లల దరికి రానిచ్చిరి.

నారాయణయ్యగారికి క్రమముగ అనుమానము కలిగెను. పిల్లలు ఇంగ్లాండున నుండగా 1912 అక్టోబరులో ఆయన దావా వేసిరి. వారిపక్షమున వాదించినవారు సర్ సి.పి. రామస్వామి అయ్యరుగారు, బిసెంటమ్మగారు తమ వ్యాజ్యమును తామే వాదించుకొనిరి. తండ్రి చేసిన ఆరోపణలలో అతిఘోరమైనది ఋజువుకాలేదని 1913 ఏప్రిలులో మదరాసు హైకోర్టు న్యాయమూర్తి బేక్‌వెల్‌గారు తేల్చిరి. ఇది మరువకూడదు, ఋజువుకాని నేరమును చచ్చినవానిమీదనైనను మోపరాదు. కాని లెడ్‌బీటరు సాక్ష్యమున తానే యొప్పుకొనిన అభిప్రాయములనుబట్టి, ఆయన బాలురకు గురువుగ నుండదగడనియు, పిల్లలకు ఆయన సహవాసము మిక్కిలి ప్రమాదకరమనియు ఆ తీర్పుననే వ్రాసిరి. పిల్లలను తండ్రి కిమ్మనిరి. అప్పీలునందును తండ్రియే గెలిచెను. 1914 మే నెలలో లండనులోని ప్రీవీ కౌన్సిలువారు ఆ తీర్పును కొట్టివేసిరి. చెంగల్పట్టు జిల్లాకోర్టునకు ఆ జిల్లాలో నివసింపని పిల్లల విషయమున అధికారము లేదనియు, పిల్లల యిష్టమును ఎవరును అడుగలేదనియు వారి ముఖ్యకారణములు.

ఆ తీర్పులోని యొక సూత్రము నేటికిని మన న్యాయస్థానములలో వినబడుచుండును. తండ్రికి పిల్లలపై గల సంరక్షణాధికారము పవిత్రమైన న్యాసము వంటిది. దానిని ఆయన యితరులచేతి కీయవచ్చును గాని, ఆ యీవి శాశ్వతము కాదు, మరల త్రిప్పికొనవచ్చును. న్యాయవాదులు దీనిని తండ్రి హక్కుగ చదువుదురు. నేను తల్లిని గనుక వేరొక విధముగ చదువుదును. బిడ్డను అప్పగించుట నిక్షేపము వంటిదైనచో, పుచ్చుకొనినవాడు నిక్షేపధారి యగును. మన యింట ఎవరైన నగలు దాచుమని యిచ్చిపోయినచో, మన పనివాడు దొంగిలించెనని చెప్పి చేతులు దులుపుకొందుమా?

ఆ వ్యాజ్యమున ఎవరును అడుగని ప్రశ్న యొకటి మిగిలెను. తండ్రి పిల్లలను కోరెను, పరిహారము కోరలేదు. తెలిసి తెలిసి అట్టివానిని మరల చేర్చుకొనిన సమాజము బాధ్యతను వహింపవలెనా, యని విచారింపవలసిన అవసరము న్యాయమూర్తులకు రాలేదు. గురజాలతల్లి అడిగినది సరిగా ఆ ప్రశ్నయే.

ఆ ప్రశ్నను ఇటీవలి దశకములలో పరదేశముల న్యాయస్థానములు అడిగినవి. కనడా దేశపు సుప్రీముకోర్టు 1999లో ఒక బాలాశ్రమము విషయమున తీర్పు చెప్పెను. అది లాభమునకై నడపినది కాదు, ధర్మసంస్థయే. పిల్లలకు స్నానము చేయించుట, నిద్రపుచ్చుట మున్నగు పనులకు నియమించిన మనుష్యుడు ఆ పనులను సాకుగ గొని చెరచినపుడు, ఆ యవకాశమును, ఆ యధికారమును వాని చేతి కిచ్చినది సంస్థయే గనుక సంస్థయే పరిహార మీయవలెనని ఆ తీర్పు సారము. ధర్మము చేయుచున్నామను మాట రక్షణ కాజాలదని కూడ చెప్పిరి. వినుటకు కఠినముగ నుండును. కాని నష్టమును ఎవరో యొకరు మోయక తప్పనప్పుడు, ధర్మసంస్థ మోయనిదానిని పసివాడు మోయవలసి వచ్చునుగదా.

"వాడు మా జీతగాడు కాదు" అను మాట అచ్చటను విననిది కాదు. ఇంగ్లాండులో ఒక పాఠశాలయందు క్రైస్తవ సన్న్యాసిసంఘపు సోదరులు ఉపాధ్యాయులుగ నుండిరి. వారికి సంఘము జీతమీయదు. తాము సంపాదించినదానిని వారే సంఘమున కిత్తురు. అయినను సంఘము ఆజ్ఞాపింపగా పోవుదురు, సంఘనియమములకు బద్ధులై నడతురు. కావున ఉద్యోగసంబంధము వంటిదే యని, సంఘము బాధ్యత వహింపవలెనని అచ్చటి సుప్రీముకోర్టు 2012లో తీర్పు చెప్పెను. అన్ని దేశములును ఒకే త్రోవను పోలేదు. ఆస్ట్రేలియా ఉన్నతన్యాయస్థానము 2024లో, మతాచార్యుడు ఉద్యోగి కాడు గనుక అతని తప్పునకు ఆ సూత్రముచేత డయోసిసు బాధ్యము కాదనెను. అయితే అదే దేశమున రాజసంఘమొకటి 2013 మొదలు 2017 వరకు విచారణ జరిపి, మఠములు, చర్చీలు, పాఠశాలలు, సంఘములు దాచిన సంగతులను బయటపెట్టెను. దాని ఫలితముగ 2018లో ఏర్పడిన పరిహారపద్ధతియందు సొమ్ము చెల్లించువారు ఆ సంస్థలే.

ఇది యంతయు తెల్లవారి గొడవ యని తలపకుడు. శ్రీకృష్ణచైతన్య సంఘమును (ఇస్కానును) మనమందరము నెరుగుదుము. ఆ సంఘమువారు నడపిన గురుకులములలో 1970, 1980ల నాటి పిల్లలు పడిన బాధలను గూర్చి 1998లో ఆ సంఘపు పత్రికయే ఒక పండితుని వ్యాసమును ప్రకటించెను. తన దోషమును తన పత్రికలో నచ్చొత్తుట యెంత కష్టమో పత్రికలవారికి తెలియును. ఆ మాత్రము మెప్పు వారికి చెందవలెను. 2000లో నలువదినలుగురు పూర్వవిద్యార్థులు టెక్సాసులోని డల్లాసున దావా వేసిరి. కోరిన పరిహారము 40 కోట్ల డాలర్లు. ఆ దావా ఒక న్యాయస్థానమున నిలువక, మరియొక న్యాయస్థానమున మరల వేయబడెను. కొన్ని ఆలయములు దివాలా రక్షణ కోరెను. తుదకు 2005లో 95 లక్షల డాలర్లకు పరిష్కారమై, వందలకొలది బాధితులకు పంచబడెను. దేవుని సొమ్ము అచ్చట కదలినది. ఆలయములు మూతపడలేదు, హారతులు ఆగలేదు.

ఇక మన దేశము. పిల్లలను లైంగికనేరములనుండి కాపాడు 2012 నాటి చట్టము, పోక్సో యందురే, అది శిక్ష విషయమున సామాన్యమైనది కాదు. విద్యాసంస్థ గాని మతసంస్థ గాని నడపువారు, అందలి సిబ్బంది, ఆ సంస్థలోని బిడ్డను చెరచినచో దానిని మరింత ఘోరమైన నేరముగ నెంచి శిక్షను హెచ్చించినది. సంస్థాధికారి తనచేతిక్రింది వాని నేరమును తెలిసియు పోలీసులకు తెలుపకున్నచో, ఒక యేడు వరకు ఖైదును జుల్మానాయును. మందలించి బదిలీ చేయుట యిప్పుడు పరిష్కారము కాదు, తానే యొక నేరము! ఈ సంగతి ఎందరు సంస్థాధికారులకు తెలియునో, తెలిసినవారిలో ఎందరు పాటింతురో!

పరిహారమును కూడ ఈ చట్టము మరువలేదు. ప్రత్యేకన్యాయస్థానము దానిని విధింపవచ్చును. 2020 నాటి నియమములనుబట్టి ఉత్తరువు అందిన 30 దినములలో చెల్లింపవలెను. చెల్లించునది యెవరు? రాష్ట్రప్రభుత్వము, బాధితుల నిధినుండి. అనగా మనమందరము కట్టు పన్నులనుండి. ఇది మంచిదే, బిడ్డకు త్వరగ అందవలెను. కాని బండి యజమానుని సంచి ముడి విప్పకుండ, బాటసారులందరు తలా యొక కాసు వేసి దండుగ కట్టినట్లున్నది. సంస్థనుండి రాబట్టవలెనన్న వేరుగ సివిలు దావా వేయవలెను. న్యాయము మూలమున అడ్డు లేదు. 2000లో మన సుప్రీముకోర్టు, హౌరా స్టేషనులోని యాత్రీనివాసమున రైల్వే ఉద్యోగులు మున్నగువారు ఒక పరదేశపు స్త్రీని చెరచిన వ్యవహారమున, ఆ యుద్యోగుల నేరమునకు రైల్వేవారే 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని స్థిరపరచెను. అచ్చట ప్రతివాది ప్రభుత్వము. మఠమో చర్చియో కాదు. అయినను బసకు వచ్చిన స్త్రీకి యాత్రీనివాసము బాధ్యమైనపుడు, చదువుకు వచ్చిన బిడ్డకు వసతిగృహమేల కాకూడదో నాకు బోధపడదు.

అడ్డు కాలముచేత వచ్చుచున్నది. మన కాలపరిమితిచట్టము 1963 నాటిది. పసితనమున జరిగిన హానికి, మేజరైన పిదప హెచ్చులో హెచ్చు మూడేండ్లలోగా దావా వేయవలెను. అనగా ఇరువదియొకటవ యేడు నిండులోగా! పదుమూడేండ్లనాడు నోరు పెగలని బిడ్డ ఇరువదియొక యేండ్లకు న్యాయవాదిని వెదుకుకొని, సాక్ష్యము కూర్చుకొని, కోర్టురుసుము కట్టవలెను. న్యూయార్కు రాష్ట్రము 2019లో చట్టము చేసి, కాలము చెల్లిన వారికి కూడ కొంతగడువు తలుపులు తెరచెను. మన శాసనసభ్యులకు ఇట్టి ఆలోచన యెన్నడు కలుగునో.

ఇప్పుడు "దేవుడి సొమ్ము" అను మాటకు వత్తును. ఆ తల్లిని నోరెత్తనీయని మాట యిదియే. మన న్యాయశాస్త్రమున ఒక వింత కలదు. ప్రతిష్ఠిత విగ్రహము ఆస్తి కలిగియుండగల న్యాయవ్యక్తి యని 1925లో ప్రీవీ కౌన్సిలువారు చెప్పిరి. తన పనులను తాను చూచుకొనజాలదు గనుక దేవతామూర్తి మైనరు వంటిదని, సంరక్షకుడు ఆస్తిని పాడుచేసినచో భక్తుడైనను మూర్తిపక్షమున దావా వేయవచ్చునని 1967లో సుప్రీముకోర్టు చెప్పెను. చూచితిరా! జగత్తును పాలించు స్వామి న్యాయస్థానమున పసిబిడ్డ. ఆయన సెంటుభూమికి కాపలాగా ఇన్ని తీర్పులు, ఇన్ని శాఖలు, ఇందరు అధికారులు నిలిచిరి. నాకు సంతోషమే. ఆ బిడ్డ మాన్యమున కున్న కాపలాలో సగమైనను, ఆయన నీడన నిదురించు పేదబిడ్డ దేహమున కున్నదా?

దేవుని సొమ్మును ధర్మమునకై ముట్టరాదను మాటయు నిజము కాదు. మనము మదరాసు రాజధానిలో నున్న కాలమున ఆలయసేవ పేర బాలికలను దేవునికి ముడివైచి, పిమ్మట వారి బ్రతుకును ఊరిపెద్దల కప్పగించు ఆచారముండెను. కందుకూరి వీరేశలింగంపంతులుగారు ఆ భోగముమేళములపై పోరాడిరి. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు శాసనమండలిలో పట్టుపట్టగా 1929లో దేవాదాయచట్టము సవరింపబడెను. ఆ సవరణ చేసినదేమి? సేవ చేసిననాళ్లే అనుభవింపుమని దేవాలయము పక్షమున ఇచ్చిన ఇనాముభూమిని, సేవాబంధమునుండి విడదీసి, ఆ స్త్రీకే యిచ్చినది! చెరసాల కాదు, ఉపన్యాసము కాదు, భూమి. బ్రతుకుటకు భూమి యున్నచో గుడిమెట్లపై నిలువవలసిన పని లేదని ఆ వైద్యురాలికి తెలియును. 1947లో ఆ సమర్పణమునే నిషేధించిరి. పిమ్మట ఆంధ్రప్రదేశమున 1988లో మరియొక చట్టము వచ్చెను; జోగిని, బసివి, మాతమ్మ యను పేర బాలికలను ముడివైచుట నేరమయ్యెను. దానియందు కన్నవారికి ఇతరులకన్న హెచ్చు శిక్ష. పేదతండ్రి తప్పు చేసెను, నిజమే. కాని కడుపుకు లేక బిడ్డను ముడివైచినవానికి ఎక్కువయు, ఆ ముడిచేత సుఖపడిన పెద్దలకు తక్కువయు నగుట చూడగా, 1929 నాటి వారే యెక్కువ లోతుగ నాలోచించిరని నాకు తోచును.

పిల్లలను ఇట్టి సంస్థలకు పంపవలదని నేను చెప్పుట లేదు. మా పలనాటిలో బడియే లేని తండాలకు, గూడెములకు అక్షరములు తెచ్చినది ఇట్టి సంస్థలే. పంపునప్పుడు భక్తితో చేతులు జోడించుట యెట్లో, ప్రశ్న లడుగుటయు నట్లే. ఈ సంస్థ యే పేర రిజిష్టరైనది, రాత్రులు పిల్లల గదికి కావలి యెవరు, అతడు ఇంతకు ముందెచ్చట నుండెను, ఏల వచ్చెను? ఈ ప్రశ్నలకు కోపగించుకొను సంస్థ యేదో, బిడ్డను మరల వెంటబెట్టుకొని రావలసిన సంస్థయు నదియే. అనాథబాలల నిలయములైనచో 2015 నాటి బాలన్యాయచట్టముక్రింద తప్పక నమోదు కావలెను. ఆ పత్రమును చూపుమనుడు. బిడ్డ యేదైన చెప్పినచో 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. స్త్రీలకును బాలలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాటి చట్టము కలిగించినది. సొమ్ము లేనివారు కోర్టురుసుము కట్టకయే దావా వేయుటకు న్యాయస్థానమును అనుమతి కోరవచ్చును. ఈ రెండు సంగతులును ఆమెకు తెలియవు. ఆ దినము వరకు నాకును తెలియవు, మావారు చెప్పగా వింటిని.

గురజాలతల్లి పోయిన ఆదివారము కుమారుని వెంటబెట్టుకొని మరల వచ్చెను. అతనికి పందొమ్మిది నిండినవి. గడపలోనికి రాక వాకిటి వేపచెట్టు క్రిందనే నిలిచెను. మావారు తామే బయటకు పోయి, ఎండలో అతనితో ఏదో పాతబడి సంగతి మాటలాడుచుండగా, ఆమె నాయెదుట ఒక రేకుడబ్బా తెరచెను. అందు ఆసుపత్రి చీటీలతో పాటు మడతపెట్టిన ఎర్రకాగిత మొకటి యుండెను. బాలుని చేర్చుకొనిన దినమున సంస్థవారిచ్చిన రసీదు. చేరిక రుసుము 500 రూపాయలు, బాలుని పేరు, తేదీ, క్రింద సంస్థ ముద్ర, కార్యదర్శి సంతకము. ఆ సంతకమునకు పైన "మా సంరక్షణలోనికి తీసుకొంటిమి" అని అచ్చుపడిన వాక్యము.

"ఇది పనికొస్తుందా అమ్మా?" అని యడిగెను. దానిని తడవకుండ మైకాకాగితములో పెట్టి యిచ్చి, సోమవారమే న్యాయవాదియొద్దకు పొమ్మని చెప్పితిని.